చట్టానికి గంటలు పంచేది ఎవరు?



కరువు పని అంటే ఏమిటో అందరికీ తెలుసు. కొందరు వంద రోజుల పని అంటారు. కొందరు ఉపాధి పని అంటారు. ఆ పని ఒక చట్టం వల్ల వచ్చింది. ఆ చట్టాన్ని ఢిల్లీలో పార్లమెంటు చేసింది. ఇంతవరకు చాలామంది చెప్పగలరు. కాని చట్టం చేసే ముందు ఎంతసేపు మాట్లాడుకుంటారు? అంతసేపే మాట్లాడాలని ఎవరు చెబుతారు? తొందరగా చేయాల్సిన చట్టం వస్తే ఏమవుతుంది? ఈ ప్రశ్నలు అడిగేవాళ్ళు తక్కువ. ఈ ప్రసంగం వాటి గురించే.

చెరువు కింద పొలాలున్న ఊళ్ళో నీళ్ళు వంతు వేసే మనిషి ఒకడుంటాడు. నీరటి అంటారు. రాయలసీమలో నీరుగంటి అంటారు. చెరువు నిండా నీళ్ళున్నప్పుడు అతనితో ఎవరికీ పేచీ ఉండదు. నీళ్ళు అడుగంటినప్పుడే అతని పనేమిటో తెలుస్తుంది. ముందు ఏ మడికి వదలాలి? ఎంతసేపు వదలాలి? కొసన ఉన్న మడి సంగతి ఏమిటి? పార్లమెంటులో పంచేది నీళ్ళు కాదు, గంటలు. అక్కడా ఇదే పేచీ.

ఆ చెరువు ఎంత పెద్దదో ముందు చూడండి. దేశంలో మొదటి లోక్‌సభ 1952లో మొదలై 1957 దాకా నడిచింది. అన్నాళ్ళలో 677 రోజులు సమావేశమైంది. పదిహేడో లోక్‌సభ 2019 నుంచి 2024 దాకా ఉంది. అది సమావేశమైంది 274 రోజులే. అంటే ఏడాదికి సుమారు 55 రోజులు. దేశంలో జనం పెరిగారు. పనులు పెరిగాయి. సభ కూర్చునే రోజులు మాత్రం సగానికన్నా తగ్గాయి.

ఆ రోజుల్లో కూడా అన్ని గంటలూ చట్టాలకే పోవు. లోక్‌సభ మామూలుగా ఉదయం 11 గంటలకు మొదలై సాయంత్రం 6 దాకా జరుగుతుంది. మొదటి గంట ప్రశ్నోత్తరాలు. సభ్యులు అడుగుతారు, మంత్రులు జవాబు చెబుతారు. 12 తరువాత జీరో అవర్. అప్పటికప్పుడు చెప్పాల్సిన సంగతులు ఆ సమయంలో లేవనెత్తుతారు. తరువాత భోజనం. చట్టాల పని ఎక్కువగా మధ్యాహ్నం 2 గంటల తరువాతే. శుక్రవారం చివరి రెండున్నర గంటలు మంత్రులు కాని సభ్యులు తెచ్చే బిల్లులకు, తీర్మానాలకు. గొడవలు జరిగి సభ వాయిదా పడితే అందులోనూ కోత.

బిల్లు అంటే ఇంకా చట్టం కాని కాగితం. అది లోక్‌సభ దాటాలి, రాజ్యసభ దాటాలి, రాష్ట్రపతి సంతకం కావాలి. అప్పుడే చట్టం. ఏ బిల్లును ఎప్పుడు తేవాలో ప్రభుత్వం చూసుకుంటుంది. దాని మీద ఎన్ని గంటలు మాట్లాడాలో చెప్పడానికి ఒక సంఘం ఉంది. సభా వ్యవహారాల సలహా సంఘం అంటారు. పేపర్లలో బీఏసీ అని రాస్తారు. లోక్‌సభలో ఈ సంఘంలో 15 మంది ఉంటారు. స్పీకరే దానికి పెద్ద. రాజ్యసభ సంఘంలో 11 మంది. అక్కడ సభాధ్యక్షుడు పెద్ద. ఉపరాష్ట్రపతే రాజ్యసభకు అధ్యక్షుడు. వేర్వేరు పార్టీల వాళ్ళు ఈ సంఘంలో కూర్చుంటారు. ఈ బిల్లుకు మూడు గంటలు, ఆ బిల్లుకు రెండు గంటలు అని సిఫారసు చేస్తారు. సభ దానికి సరే అనాలి.

తెలుగు వాళ్ళు ఈ గంటలు పంచే కుర్చీలో కూర్చున్నారు. అనంతపురం జిల్లా నీలం సంజీవరెడ్డి రెండుసార్లు స్పీకర్ అయ్యారు. కోనసీమ నుంచి వెళ్ళిన జి.ఎం.సి. బాలయోగి 1998లో స్పీకర్ అయ్యారు. దళిత కుటుంబంలో పుట్టి స్పీకర్ అయినవాళ్ళలో ఆయనే మొదటివారు.

సరే, గంటలు వచ్చాయి. వాటిని పార్టీలు పంచుకోవాలి. ఎవరికి ఎక్కువమంది సభ్యులుంటే వాళ్ళకు ఎక్కువ సమయం. పలక తీసుకుని ఒక లెక్క వేయండి. లోక్‌సభలో 543 స్థానాలు. ఒక బిల్లుకు 4 గంటలు ఇచ్చారనుకోండి. అంటే 240 నిమిషాలు. 16 మంది సభ్యులున్న పార్టీకి ఎంత వస్తుంది? సుమారు 7 నిమిషాలు. ఒక్కడే ఉన్న సభ్యుడికి అర నిమిషం కూడా రాదు. అందుకని చిన్న పార్టీలను కలిపి, తలా రెండు మూడు నిమిషాలు మాట్లాడనిస్తారు. నమస్కారం పెట్టి పేరు చెప్పుకునేసరికే గంట మోగుతుంది. ఒక జిల్లా జనం గోడు మొత్తం ఆ రెండు నిమిషాల్లో ఇమడాలి.

ఇచ్చిన సమయం అయిపోయాక ఏం చేస్తారు? బిల్లులో క్లాజులు ఉంటాయి. ఒక్కో క్లాజు మీద మాట్లాడి, మార్పులు అడిగి, ఓటు వేయాలి. సమయం లేకపోతే మిగిలినవన్నీ ఒక్కసారిగా ఓటుకు పెట్టేయవచ్చు. దీనికి గిలెటిన్ అని పేరు. ఫ్రాన్సు దేశంలో పూర్వం తలలు నరికిన యంత్రం పేరు అది. బడ్జెట్ సమావేశాల్లో ఇది తరచూ జరుగుతుంది. కొన్ని శాఖల ఖర్చు మీదే చర్చ జరుగుతుంది. మిగిలిన శాఖల లక్షల కోట్లు ఒక్క ఓటుతో దాటిపోతాయి. పేరు పెట్టినవాళ్ళు సరిగ్గానే పెట్టారు.

ఇప్పుడు తొందర సంగతి చూద్దాం.

తొందర ఎప్పుడూ తప్పు కాదు. ఇల్లు అంటుకుంటే పంచాయతీ పెట్టి కూర్చోరు గదా! 2020 మార్చిలో కరోనా వచ్చింది. ఏప్రిల్ 1 నుంచి కొత్త లెక్కల సంవత్సరం. ఆ లోపల ఆర్థిక బిల్లు ఆమోదం పొందాలి. మార్చి 23న లోక్‌సభ ఆ బిల్లును చర్చ లేకుండానే ఆమోదించి నిరవధికంగా వాయిదా పడింది. అది అర్థం చేసుకోదగిన తొందర. ఆర్డినెన్సు ఉన్నప్పుడు కూడా గడువు తరుముతుంది. పార్లమెంటు జరగని రోజుల్లో అవసరమైతే రాష్ట్రపతి ఆర్డినెన్సు ఇవ్వవచ్చు. అది చట్టం లాగే పని చేస్తుంది. కాని పార్లమెంటు మళ్ళీ మొదలయ్యాక ఆరు వారాల్లో సభల ఆమోదం దొరకకపోతే అది చెల్లదు. అందుకని ప్రభుత్వం పరుగు పెడుతుంది.

అయితే తొందర అనే మాట ఎవరైనా అనవచ్చు. ఆ మాట వెనక నిజంగా మంట ఉందా, పొగ మాత్రమే ఉందా అని చూసేది సభ. అలా చూడటానికి కూడా కొంత సమయం కావాలి. బిల్లు కాగితాలు రెండు రోజుల ముందు సభ్యుల చేతికి అందాలని లోక్‌సభలో నియమం ఉంది. చదువుకుని రావాలి గదా. కాని స్పీకర్ అనుమతిస్తే ఆ రెండు రోజులు కూడా అక్కరలేదు.

రైతుల చట్టాల సంగతి గుర్తు చేసుకోండి. 2020 జూన్ 5న మూడు ఆర్డినెన్సులు వచ్చాయి. పంటను మార్కెట్ యార్డు బయట అమ్మడం గురించి ఒకటి. ముందే ధర ఒప్పుకుని కంపెనీలకు పండించడం గురించి ఒకటి. సరుకుల నిల్వల గురించి మూడోది. సెప్టెంబరులో పార్లమెంటు మొదలైంది. కరోనా వల్ల సభలు పూటపూటగా జరిగాయి. ఉదయం రాజ్యసభ, మధ్యాహ్నం లోక్‌సభ. ప్రశ్నోత్తరాల గంట తీసేశారు. లోక్‌సభ ఆ మూడు బిల్లులనూ ఆమోదించింది.

సెప్టెంబరు 20, ఆదివారం. మొదటి రెండు బిల్లులు రాజ్యసభకు వచ్చాయి. ఆ రోజు సభ మధ్యాహ్నం ఒంటిగంటకు ముగియాలి. ఒంటిగంట కొట్టేటప్పటికి పని పూర్తి కాలేదు. బిల్లులు పూర్తయ్యేదాకా సభ కొనసాగుతుందని కుర్చీలో ఉన్న డిప్యూటీ చైర్మన్ అన్నారు. మంత్రి జవాబు రేపు వింటాం, సభను రేపటికి వాయిదా వేయండి అని ప్రతిపక్షాలు అన్నాయి. బిల్లులను సెలెక్ట్ కమిటీకి పంపమని అడిగాయి. ఓట్లు లెక్కపెట్టమని అడిగాయి. గొడవ ముదిరింది. మైకులు విరిగాయి, కాగితాలు చిరిగాయి. డిప్యూటీ చైర్మన్ మూజువాణి ఓటు తీసుకున్నారు. మూజువాణి అంటే నోటి ఓటు. అవునన్నవాళ్ళ గొంతు పెద్దదా, కాదన్నవాళ్ళ గొంతు పెద్దదా అని వినడమే. లెక్క ఉండదు. సభ్యులు తమ సీట్లలో కూర్చుని అడగలేదు కాబట్టి ఓట్లు లెక్కించలేదని తరువాత చెప్పారు. మర్నాడు ఎనిమిది మంది సభ్యులను సస్పెండ్ చేశారు.

గొడవ చేసినవాళ్ళు చేసింది మంచి పని కాదు. మైకు విరిస్తే రైతుకు ఒరిగేది లేదు. కాని ఆ మధ్యాహ్నం పేచీ అంతా దేని గురించి? ఒక్క రోజు గురించి. సోమవారం కూడా సభ ఉంది.

ఆ ఒక్క రోజు మిగిలింది. తరువాత ఎన్ని రోజులు పోయాయో చూడండి. అదే ఏడాది నవంబరు 26 నుంచి రైతులు ఢిల్లీ సరిహద్దుల్లో కూర్చున్నారు. చలికాలం పోయింది, ఎండలు వచ్చాయి, వానలు వచ్చాయి, మళ్ళీ చలికాలం వచ్చింది. 2021 నవంబరు 19న చట్టాలు వెనక్కి తీసుకుంటామని ప్రధానమంత్రి ప్రకటించారు. నవంబరు 29న రద్దు బిల్లు వచ్చింది. లోక్‌సభలో చర్చ లేకుండానే కొన్ని నిమిషాల్లో ఆమోదం పొందింది. రాజ్యసభ కూడా ఆ రోజే ఆమోదించింది. చేసినప్పుడూ తొందరే, తీసేసినప్పుడూ తొందరే. అవి ఎందుకు మంచివని అనుకున్నారు, ఎక్కడ బెడిసింది అని సభలో కూర్చుని మాట్లాడుకునే అవకాశం రెండోసారి కూడా పోయింది.

2014 ఫిబ్రవరి 18 సంగతి తెలుగు వాళ్ళకు విడమరిచి చెప్పక్కరలేదు. రాష్ట్ర విభజన బిల్లు ఆ రోజు లోక్‌సభ దాటింది. కావాలన్నవాళ్ళూ, వద్దన్నవాళ్ళూ ఇద్దరూ టీవీల ముందే ఉన్నారు. అప్పుడే ప్రత్యక్ష ప్రసారం ఆగిపోయింది. రాష్ట్రం కావాలా వద్దా అన్నది ఒక మాట. ఆస్తులు ఎట్లా పంచాలి, నీళ్ళు ఎట్లా పంచాలి అన్నది ఇంకో మాట. అన్నదమ్ములు వేరుపడితే గిన్నెలూ చెంబులూ కూడా లెక్కపెట్టి పంచుకుంటారు. అక్కడ క్లాజుల మీద నిదానంగా మాట్లాడే వీలు లేకపోయింది. ఉమ్మడి సంస్థల పంపకం మీద రెండు రాష్ట్రాలూ పదేళ్ళ తరువాత కూడా వాదించుకుంటూనే ఉన్నాయి.

ఇంకో రకం తొందర ఉంది. ఇది అక్కలు వినాలి. చట్టసభల్లో ఆడవాళ్ళకు మూడో వంతు సీట్లు ఇచ్చే బిల్లు మొదటిసారి 1996 సెప్టెంబరులో లోక్‌సభకు వచ్చింది. ఆగింది. మళ్ళీ వచ్చింది, మళ్ళీ ఆగింది. 2010 మార్చి 9న రాజ్యసభ ఒప్పుకుంది. లోక్‌సభలో చర్చకే రాలేదు. చివరికి 2023 సెప్టెంబరు 19న కొత్త బిల్లు పెట్టారు. 20న లోక్‌సభ, 21న రాజ్యసభ ఆమోదించాయి. 27 ఏళ్ళు నిదానం, మూడు రోజులు తొందర! లోక్‌సభలో 454 మంది అవునన్నారు, ఇద్దరు కాదన్నారు. అయితే జనాభా లెక్కలు, ఆ తరువాత నియోజకవర్గాల పునర్విభజన అయ్యాకే అమలు అని ఆ చట్టంలో రాశారు. ఒక బిల్లుకు సమయం దొరకడం, దొరకకపోవడం కూడా ఒక ఓటు లాంటిదే. కాదు అని ఎవరూ పైకి అనక్కరలేదు. రేపు చూద్దాం అంటే చాలు.

ఇక కరువు పని దగ్గరికి వద్దాం.

ఉపాధి హామీ బిల్లు 2004 డిసెంబరులో లోక్‌సభకు వచ్చింది. అప్పుడూ తొందర లేకపోలేదు. పల్లెల్లో కరువు. అనంతపురం, మహబూబ్‌నగర్ జిల్లాల నుంచి జనం మూటాముల్లె సర్దుకుని వలస పోతున్నారు. త్వరగా చేయండి అని కూలీల సంఘాలు అడుగుతున్నాయి. అయినా బిల్లును గ్రామీణాభివృద్ధి స్థాయీ సంఘానికి పంపారు. స్థాయీ సంఘం అంటే రెండు సభల నుంచీ కొంతమంది సభ్యులు ఉండే చిన్న సభ. అన్ని శాఖలకూ ఇలాంటి సంఘాలు 1993లో ఏర్పడ్డాయి. అక్కడ టీవీ ఉండదు, కేకలు ఉండవు. అధికారులను పిలుస్తారు. బయటి వాళ్ళ మాట వింటారు. ఒక్కో అక్షరం చూస్తారు. ఆ సంఘానికి అధ్యక్షుడు కళ్యాణ్ సింగ్. ఆయన ప్రతిపక్షం మనిషి.

ఆ బిల్లులో ఒక చిన్న మాట ఉంది. ‘పేద’ అనే మాట. పల్లెలో ప్రతి పేద కుటుంబానికి పని అని రాశారు. వినడానికి బాగానే ఉంది. కాని పేద అని ఎవరు తేల్చాలి? జాబితాలో పేరు ఉండాలి. జాబితా ఎవరు రాస్తారు? కార్డు రాని కూలి మనిషి ఏం చేయాలి? మొగుడు పోయి, పుట్టింటికి వచ్చిన ఆడమనిషి పేరు ఏ కార్డులో ఉంటుంది? మండుటెండలో మట్టి తవ్వడానికి ముందుకొచ్చే మనిషిని నువ్వు పేదవా కాదా అని అడగడమెందుకు? పల్లెలో అన్ని కుటుంబాలకూ పని అడిగే హక్కు ఉండాలని సంఘం చెప్పింది. చట్టం అయ్యేటప్పటికి ఆ ‘పేద’ అనే మాట పోయింది. పల్లెలో ఏ కుటుంబమైనా పని అడగవచ్చు అని మారింది.

ఒక్క మాట. రెండక్షరాలు. ఆ రెండక్షరాలు ఉంటే ఎంతమంది కూలీలు మండలాఫీసు మెట్ల దగ్గరే ఆగిపోయేవాళ్ళో ఆలోచించండి.

2005 ఆగస్టు 23న లోక్‌సభ, 24న రాజ్యసభ ఆ బిల్లును ఆమోదించాయి. బిల్లు రావడం నుంచి ఆమోదం దాకా ఎనిమిది నెలలు. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో పథకం మొదలైంది. మొదట దేశంలో 200 జిల్లాల్లో పెట్టారు. ఇక్కడ ఒక సంగతి గమనించాలి. సభలో ఆ బిల్లు నెలల తరబడి నలగలేదు. నిదానమంతా సంఘంలో జరిగింది. అందుకే సభలో చకచకా సాగింది. తొందరకూ నిదానానికీ పొత్తు కుదరదని అనుకోనక్కరలేదు.

అదే ఉపాధి చట్టం స్థానంలో 2025 డిసెంబరులో వేరే చట్టం చేశారు. వీబీ జీ రామ్ జీ అని దానికి పొట్టి పేరు. బిల్లు డిసెంబరు 16న లోక్‌సభకు వచ్చింది. చర్చ ఒక రాత్రి బాగా పొద్దుపోయేదాకా సాగింది. 18న లోక్‌సభ ఆమోదించింది. అదే రాత్రి, 12 దాటిన తరువాత రాజ్యసభ ఆమోదించింది. 21న రాష్ట్రపతి సంతకం అయింది. స్థాయీ సంఘానికి పంపండి అని ప్రతిపక్షాలు అడిగాయి. పంపలేదు. వంద రోజులకు బదులు 125 రోజుల పని అని ఆ చట్టం చెప్పింది. అది పెరుగుదలే. కాని చాలా రాష్ట్రాలు ఖర్చులో రూపాయికి 40 పైసలు భరించాలని కూడా చెప్పింది. నాట్లు, కోతల కాలంలో 60 రోజులు పని ఆపాలని, ఆ రోజులేవో రాష్ట్రం ముందుగా ప్రకటించాలని చెప్పింది.

ఈ చట్టం మంచిదా చెడ్డదా అని ఇక్కడ తేల్చడం లేదు. కాని అడగాల్సిన ప్రశ్నలు ఉన్నాయి. రాష్ట్రం దగ్గర డబ్బు లేకపోతే కూలి ఎవరిస్తారు? గోదావరి కాలవల కింద నాట్లు పడే రోజులూ, అనంతపురంలో వేరుశనగ విత్తే రోజులూ ఒకటి కావు గదా! వాన రాక విత్తనమే పడని ఏడాది ఆ 60 రోజులు కూలి మనిషి ఏం తినాలి? 2004లో ‘పేద’ అనే మాటను పట్టుకున్నట్టు, ఇలాంటివి పట్టుకోవడానికి ఒక బల్ల, నాలుగు నెలల సమయం కావాలి. ఈసారి అవి దొరకలేదు. అంత మంట ఎక్కడుందో ఎవరూ చూపించలేదు. పాత చట్టం నడుస్తూనే ఉంది. ఒక సమావేశం ఆగితే పని ఆగేది కాదు.

స్థాయీ సంఘాలకు బిల్లులు పంపడమే తగ్గిపోయింది. 2009 నుంచి 2014 దాకా ఉన్న లోక్‌సభలో నూటికి 71 బిల్లులు సంఘాలకు వెళ్ళాయి. 2019 నుంచి 2024 దాకా ఉన్న లోక్‌సభలో నూటికి 16 బిల్లులే వెళ్ళాయి.

చదవడం వచ్చినవాళ్ళు ఈ విషయంలో కొంత చేయవచ్చు. బిల్లు సంఘానికి వెళ్ళినప్పుడు, సలహాలు పంపమని పేపర్లో ప్రకటన వేస్తుంటారు. దాన్ని చదవండి. చిక్కేమిటంటే, సలహాలు హిందీలోనో ఇంగ్లీషులోనో పంపమంటారు. తెలుగులో రాసుకుని, ఊళ్ళో చదువుకున్న పిల్లల చేత మార్పించండి. లోక్‌సభలో సభ్యులు తెలుగులో మాట్లాడవచ్చు. వెంటనే అనువాదం చేసేవాళ్ళు అక్కడ ఉంటారు. సభ జరిగేటప్పుడు సంసద్ టీవీలో చూడవచ్చు.

మీ ఎం.పి.కి ఉత్తరం కూడా రాయవచ్చు. పొడుగు ఉత్తరం అక్కరలేదు, కార్డు ముక్క చాలు. మీ ఊరి పేరు, మండలం పేరు రాయండి. బిల్లు పేరు రాయండి. కింద మూడు ప్రశ్నలు వేయండి. ఈ బిల్లుకు ఎన్ని గంటలు ఇచ్చారు? అందులో మీ వంతుకు ఎన్ని నిమిషాలు వచ్చాయి? ఆ నిమిషాల్లో మా సంగతి ఏం చెప్పారు? చివర సంతకం పెట్టండి. తేదీ వేయడం మరచిపోవద్దు.